గుర్రానికి కడుపునొప్పి: డాక్టరు చేరేలోపు చేయవలసినవి, చేయకూడనివి

ప్రశ్న · రెండు గుర్రాల యజమాని

అందరికీ నమస్కారం. నా దగ్గర రెండు గుర్రాలున్నాయి. వాటిలో పెద్దది 16 ఏళ్ల గుర్రం. విత్తులు తీయించినది, తిండి దగ్గర ఎన్నడూ పేచీ పెట్టనిది. ఈ మధ్య ఒక సాయంత్రం అది మేత దగ్గరకు వచ్చి, రెండు పోచలు నోట పెట్టుకుని, నమలకుండానే వదిలేసింది. కాసేపటికి ముందుకాలి గిట్టతో నేలను గీరడం, మెడ తిప్పి డొక్క వైపు చూసుకోవడం, పై పెదవిని పైకి మడవడం మొదలుపెట్టింది. పడుకుని, లేచి, చుట్టూ తిరిగి మళ్లీ పడుకుంది. గుర్రాలను చూసే డాక్టరు మా దగ్గరకు చేరాలంటే కనీసం రెండు గంటలు పడుతుంది. ఆయన వచ్చి, ముక్కు గుండా గొట్టం వేసి, ఇంజెక్షన్లు ఇచ్చి, లోపల చేతితో పరీక్ష చేసి, పెద్దపేగులో మేత గట్టిపడి అడ్డుపడిందని చెప్పారు. మర్నాటికి గుర్రం లద్ది వేసింది. ఇప్పుడు మామూలుగానే ఉంది. కాబట్టి నేను అడగదలచుకున్నది చికిత్స గురించి కాదు, డాక్టరు కోసం ఎదురుచూసిన ఆ రెండు గంటల గురించి.

ఆ సమయంలో లాయం దగ్గర చేరినవారు తలా ఒక మాట చెప్పారు. పడుకోనిస్తే పేగు మెలిపడుతుంది కనుక డాక్టరు వచ్చేదాకా ఆపకుండా నడిపిస్తూనే ఉండాలని ఒకరన్నారు. సీసాతో గొంతులోకి నూనె పోస్తే అరగంటలో తేలికపడుతుందని ఇంకొకరు చెప్పారు. తన దగ్గర మిగిలిపోయిన నొప్పి ఇంజెక్షను ఉందని, తెచ్చి పొడుస్తానని మరొకరు ముందుకు వచ్చారు. నేను దేనికీ ఒప్పుకోలేదు గానీ, ఎందుకు ఒప్పుకోకూడదో చెప్పడానికి నా దగ్గర కారణం లేదు.

ఇటువంటి సమయంలో యజమాని నిజంగా చేయవలసిన పనులేమిటి? నడిపించడం మంచిదా, కాదా? అన్నిటికన్నా ముఖ్యంగా, ఇది కాసేపట్లో సర్దుకునే నొప్పా, ఆపరేషను దాకా వెళ్లే నొప్పా అన్నది డాక్టరు కాని మనిషికి ఏ గుర్తుల వల్ల తెలుస్తుంది? ఫోనులో డాక్టరు గారు గుర్రం ఎలా ఉందని అడిగితే "చాలా బాధపడుతోందండీ" అనడం తప్ప ఇంకేమి చెప్పాలో నాకు తెలియలేదు.

జవాబు · అశ్వవైద్యురాలు

డాక్టరు చేరేలోపు యజమాని చేయగలిగే వైద్యం చాలా తక్కువ. చూసి చెప్పగలిగే సమాచారం మాత్రం చాలా ఎక్కువ. చేతిలో ఉన్న పని ముగించుకుని బయలుదేరాలా, ఉన్నపళంగా బయలుదేరాలా, లేక నా కోసం ఆగకుండా గుర్రాన్ని నేరుగా శస్త్రచికిత్స సౌకర్యం ఉన్న ఆసుపత్రికి ఎక్కించమని చెప్పాలా అన్నది నేను ఆ సమాచారాన్ని బట్టే నిర్ణయించుకుంటాను. అనుమానం రాగానే ముందు ఫోను చేయండి. లెక్కలు ఆ తర్వాత తీసి మళ్లీ చెప్పవచ్చు.

గుర్రం విషయంలో ఇంత తొందర ఎందుకంటే, అది వాంతి చేసుకోలేదు. అన్నవాహిక జీర్ణాశయంలో కలిసేచోట ఉండే కండరం ఎంత బిగువుగా ఉంటుందంటే, ఒకసారి లోపలికి వెళ్లినది తిరిగి పైకి రాదు. అంత పెద్ద శరీరానికి జీర్ణాశయం పట్టేది 8 నుంచి 15 లీటర్లు మాత్రమే. చిన్నపేగు ఎక్కడైనా మూసుకుపోతే అందులోని ద్రవం వెనక్కి తన్ని జీర్ణాశయంలో చేరుతుంది, బయటపడే దారి లేక అది ఉబ్బుతుంది, సమయానికి ఖాళీ చేయకపోతే పగులుతుంది. పగిలిన తర్వాత ఏ డాక్టరూ చేయగలిగింది లేదు. మీ డాక్టరు గారు ముక్కు గుండా గొట్టం వేసింది మందు పోయడానికి మాత్రమే కాదు, లోపల ద్రవం చేరిందేమో చూసి దించడానికి కూడా. ఆ గొట్టం గుండా రెండు లీటర్లకు మించి ద్రవం వెనక్కి వచ్చిందంటే మేము చిన్నపేగును అనుమానిస్తాము. ఇక పెద్దపేగు సంగతి వేరు. మూడు నాలుగు మీటర్ల పొడవున, మడతలు పడి, ఎక్కువ భాగం కడుపు గోడకు అతుక్కోకుండా ఉండటం వల్ల, గ్యాసు చేరినప్పుడు అది చోటు మారడానికి, మెలితిరగడానికి అడ్డేమీ ఉండదు. అదే పేగు ఒక మలుపు దగ్గర ఒక్కసారిగా సన్నబడుతుంది. ఎండిన మేత అడ్డుపడేది చాలాసార్లు ఆ మలుపులోనే.

కడుపునొప్పి వచ్చిన గుర్రాలలో అత్యధికం మందులతోనే కోలుకుంటాయి. ఆపరేషను అవసరమయ్యేవి పదింట ఒకటి కూడా ఉండవు. చిక్కేమిటంటే, మొదటి అరగంటలో రెండు రకాలూ ఒకేలా కనిపిస్తాయి. గ్యాసు పట్టిన గుర్రం నేలమీద పొర్లి ఇల్లంతటినీ భయపెట్టి, కాసేపటికి గాలి వదిలి మేత వెతుక్కుంటుంది. పేగుకు రక్తం అందని గుర్రం మొదట విలవిలలాడి, తర్వాత తల వేలాడేసి కదలకుండా నిలబడిపోతుంది. అందుచేత నొప్పి ఎంత బీభత్సంగా కనిపిస్తోందన్నదాని కంటే గుండె, చిగుళ్లు ఏం చెబుతున్నాయన్నది ముఖ్యం.

గుండె వేగం చూడటానికి స్టెతస్కోపు ఉంటే ఎడమ మోచేతి వెనుక పెట్టండి. లేకపోతే కింది దవడ ఎముక అంచు లోపలి వైపు వేళ్లతో తడమండి. దారంకన్నా కాస్త లావుగా, వేలి కింద జారిపోయే ఒక గొట్టం తగులుతుంది. దాన్ని ఎముకకేసి మెల్లగా నొక్కితే నాడి తెలుస్తుంది. 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 మధ్య ఉండాలి. 50 దాటితే ఆ మాట ఫోనులో మొదట చెప్పండి. గుర్రం కదలకుండా నిలబడి ఉన్నప్పుడు కూడా 60కి పైన ఉండి తగ్గకపోతే అది తీవ్రమైన కేసు. 80 దాటినది ప్రాణాపాయం కిందే లెక్క.

ఆ తర్వాత పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. ఆరోగ్యంగా ఉంటే లేత గులాబి రంగులో తడిగా ఉంటాయి. బొటనవేలితో నొక్కి తీస్తే తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు రంగు తిరిగి వస్తుంది. చిగుళ్లు పొడిబారి జిగటగా ఉంటే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం; ఇటుక ఎరుపుకు మారినా, పళ్ల మొదళ్ల వెంట ఊదారంగు గీత కనిపించినా, పేగులోని విషపదార్థాలు రక్తంలో చేరుతున్నాయని అర్థం. ఇది చూసిన క్షణంలోనే మళ్లీ ఫోను చేయాలి.

ధర్మామీటరుతో జ్వరం చూడటం గుర్రం పొర్లనప్పుడు మాత్రమే. 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ వరకు మామూలే. అంతకన్నా స్పష్టంగా ఎక్కువ ఉంటే పేగు వాపు వంటి వేరే జబ్బులు మా ఆలోచనలోకి వస్తాయి. వాటికి చికిత్స వేరు. చివరగా చెవిని గానీ స్టెతస్కోపును గానీ రెండు డొక్కలకూ పైనా కిందా ఆనించి వినండి. గుడగుడలు ఎక్కువైతే భయపడకండి. నాలుగు చోట్లా ఒక్క శబ్దమూ లేకపోవడమే భయపడవలసిన విషయం.

నూనె సంగతి ఖచ్చితంగా చెప్పాలి. సీసాతో గొంతులోకి ఏదీ పోయకండి. బలవంతంగా తల ఎత్తి పోసినప్పుడు అది శ్వాసనాళంలోకి జారడానికి ఎక్కువ సేపు పట్టదు. నూనె ఊపిరితిత్తులలో చేరితే గుర్రం దగ్గి బయటకు తెచ్చుకోలేదు; కడుపునొప్పి తగ్గిన తర్వాత కూడా ఆ న్యుమోనియాతో చనిపోవచ్చు. మేమూ నూనె వాడతాము గానీ, గొట్టం జీర్ణాశయంలోనే ఉందని నిర్ధారించుకుని, లోపల ద్రవం వెనక్కి తన్నడం లేదని చూసుకున్న తర్వాత మాత్రమే.

జవాబు · లాయం పర్యవేక్షకుడు

డాక్టరమ్మ గారు చెప్పిన లెక్కలకు నేను ఒకటే కలుపుతాను: గుర్రం బాగున్న రోజున కూడా నాడి చూసి రాసి పెట్టుకోండి. పందెం గుర్రానికి, బండి గుర్రానికి, పొట్టి జాతి పోనీకి మామూలు వేగం ఒకేలా ఉండదు. మీ గుర్రానికి రోజూ 32 ఉంటుందని మీకు తెలిస్తే, 48 అన్న అంకె మీకు వెంటనే మాట్లాడుతుంది. పైగా కంగారులో ఉన్న చేయి మొట్టమొదటిసారి దవడ కింద నాడి వెతకాలంటే దొరకదు. మా లాయంలో ప్రతి గుర్రం గది తలుపు మీద ఒక అట్ట వేలాడుతుంది. దాని మీద మామూలు నాడి, బరువు, వయసు, చివరిసారి పురుగుల మందు ఇచ్చిన తేదీ ఉంటాయి. కడుపునొప్పి వచ్చిన రాత్రి అదే అట్ట వెనుక పావుగంటకొకసారి సమయమూ నాడీ రాస్తాము. డాక్టరు దిగగానే చేతికిచ్చేది ఆ అట్టనే. ఒక్క అంకె కన్నా అంకెలు ఎటు పోతున్నాయన్నది ఆయనకు ఎక్కువ పనికొస్తుంది.

నడిపించడం గురించి. పడుకుంటే పేగు మెలిపడుతుందన్న మాట మా వృత్తిలో తరతరాలుగా ఉంది. నాకు పని నేర్పిన పెద్ద సైసు (గుర్రాలను చూసుకునే పనివాడు) గుర్రాన్ని తెల్లవార్లూ నడిపించేవాడు. అయితే ఇప్పుడు నేను కలిసి పనిచేసే డాక్టర్లందరూ చెప్పేదేమిటంటే, పేగు మెలిపడటం వల్ల గుర్రం పొర్లడం తరచుగా చూసేదే గానీ, పొర్లడం వల్ల పేగు మెలిపడుతుందనడానికి సరైన ఆధారం లేదు. గుర్రం నిమ్మళంగా పడుకుని ఉంటే పడుకోనివ్వండి. దాని ఓపిక దానికి అవసరం. అటూ ఇటూ తిరుగుతూ, కూలబడబోతూ ఉంటే పది పదిహేను నిమిషాలు మెల్లగా నడిపించవచ్చు. గ్యాసు కదలడానికి అది సాయపడుతుంది, గోడలకేసి కొట్టుకుని కళ్లూ కాళ్లూ గాయపరచుకోకుండా కూడా ఆపుతుంది. పరిగెత్తించకండి. గంటల తరబడి నడిపించకండి. రేపు ఆపరేషను టేబులు మీదకు వెళ్లవలసిన గుర్రాన్ని ఈ రాత్రి అలసటతో చంపుకోవడం ఏ లెక్కన చూసినా తెలివైన పని కాదు.

మేత మొత్తం తీసేయండి. పరుపుగా వేసిన గడ్డిని తినే అలవాటు ఉంటే దాన్ని కూడా తీసేయాలి. నీళ్లు ఉంచవచ్చా అన్నది ఫోనులోనే డాక్టరును అడగండి. ముక్కు నుంచి ద్రవం కారుతున్న గుర్రానికి మాత్రం అడగకుండానే నీళ్లు తీసేయండి. గదిలో ఉన్న పాత లద్దిని ఊడ్చి ఒక పక్కన పెట్టండి, పారేయవద్దు. ఆ తర్వాత పడినది కొత్తదని తెలుస్తుంది. పాతది చూస్తే కూడా చాలా తెలుస్తుంది: చిన్న చిన్న గట్టి ఉండలై, మీద తెల్లటి జిగురు పొర ఉంటే పేగులో చాలాసేపు నిలిచి ఎండిందని అర్థం.

ఇక మనుషుల సంగతి. నొప్పితో ఉన్న గుర్రం ఎంత సాధువైనదైనా ఆ గంటలో మిమ్మల్ని గుర్తుపట్టదు. పొర్లుతున్నప్పుడు గదిలోకి వెళ్లకండి. వెళ్లక తప్పకపోతే వీపు వైపు నుంచే వెళ్లండి, కాళ్ల వైపు నుంచి వద్దు. పగ్గాన్ని చేతికి చుట్టుకోకండి. గుర్రం గోడ పక్కన వెల్లకిలా ఇరుక్కుని లేవలేకపోతే ఒంటరిగా లాగబోకండి, ఇద్దరు ముగ్గురు చేరేదాకా ఆగండి. ఈ మధ్యలో ఎవరో ఒకరు ట్రెయిలరును బయటకు తీసి, టైర్లలో గాలి చూసి, వాకిట్లో సిద్ధంగా ఉంచాలి. ప్రయాణపు కుదుపులకే గ్యాసు కదిలి, ఆసుపత్రి ముందు దిగి మేత కోసం సకిలించిన గుర్రాలను నేను చూశాను. డ్రైవరు ముఖం మాడ్చుకున్నాడు గానీ, ఆ ప్రయాణాన్ని దండగ అని నేనెప్పుడూ అనుకోలేదు.

రెండు గుర్రాల యజమాని రాశారు

ఇద్దరికీ ధన్యవాదాలు. దవడ కింద నాడి ఈ ఉదయం రెండు గుర్రాలకూ వెతికి పట్టుకున్నాను. పెద్దదానికి 36, చిన్నదానికి 40 ఉన్నాయి. ఇంకొక్క సందేహం. నొప్పి ఇంజెక్షను ఒకటి లాయంలో ఉంచుకోవడం తప్పా? రెండు గంటలు అది బాధపడుతుంటే చూస్తూ నిలబడటం నిజంగా కష్టం. పైగా నొప్పి తగ్గితే గుర్రం పొర్లదు, గాయపడదు కదా?

జవాబు · అశ్వవైద్యురాలు

ఉంచుకోవడం తప్పు కాదు. నన్ను అడగకుండా వాడటం తప్పు. మీ మిత్రులు తెస్తానన్నది బహుశా ఫ్లునిక్సిన్ అయి ఉంటుంది. మేము ఎక్కువగా వాడేదీ అదే. దాని ప్రభావం 12 గంటల దాకా ఉండవచ్చు. మామూలు నొప్పికి అది వరం; పేగు మెలిపడిన గుర్రానికి అది తెర. తెర వెనుక పేగు చచ్చుబడుతూనే ఉంటుంది, పైకి మాత్రం గుర్రం తేరుకున్నట్టు కనిపిస్తుంది, ఆపరేషనుకు పనికొచ్చే గంటలు అలా గడిచిపోతాయి. ఫోనులో నాకు నాడి, చిగుళ్ల రంగు చెప్పిన తర్వాత, దూరం ఎక్కువై నేనే ఇవ్వమంటే ఇవ్వవచ్చు. అప్పుడు కూడా ఎంత మోతాదు, ఏ సమయంలో అన్నది రాసి పెట్టాలి, రెండో మోతాదు ఇవ్వకూడదు. ఆ మందు ఇచ్చిన గంటా రెండు గంటలకే నొప్పి తిరిగి వచ్చిందంటే, అదే ఒక రోగలక్షణం. అటువంటి గుర్రాన్ని మేము ఆసుపత్రికి పంపడానికే మొగ్గుతాము.

ఎలా ఇస్తారన్నది ఇంకా ముఖ్యం. కండరంలో పొడిస్తే కొన్ని గుర్రాలలో క్లాస్ట్రీడియం అనే సూక్ష్మజీవులు ఆ చోట పెరిగి కండరాన్ని కుళ్లబెడతాయి; కడుపునొప్పి నుంచి బయటపడిన గుర్రం ఆ పుండుతో పోయిన సందర్భాలున్నాయి. సిరలోకి ఇవ్వడం చేయి తిరిగినవారి పని, ఎందుకంటే మెడలో ఆ సిర వెనుకే మెదడుకు రక్తం తీసుకువెళ్లే ధమని ఉంటుంది. పొరపాటున మందు అందులోకి వెళ్తే గుర్రం అక్కడికక్కడే మూర్ఛలతో కూలిపోతుంది. నోటి ద్వారా ఇచ్చే పేస్టు రూపం కూడా ఉంది. దూరాన ఉన్నవారికి నేను చెప్పేది అదే. ఇంతకుముందు సీసాతో ఏదీ పోయవద్దన్నాను. నాలుక మీద పెట్టే కొద్దిపాటి పేస్టుకు ఆ ప్రమాదం లేదు.

పేగు కండరాలు పట్టేసినప్పుడు మేము హయోసిన్ వాడతాము. దాని తర్వాత కాసేపు గుండె వేగం పెరుగుతుంది, పేగుల శబ్దం తగ్గుతుంది. మేము వెళ్లిపోయాక మీరు నాడి చూసి బెదిరిపోకుండా ఉండటానికి చెబుతున్నాను. ఏ మందు ఇచ్చారో, దాని వల్ల ఏ అంకె మారుతుందో మీ డాక్టరును అడిగి తెలుసుకోండి.

మరొక ప్రమాదపు గుర్తు ఉంది. మందేమీ ఇవ్వకుండానే విపరీతమైన నొప్పి ఉన్నట్టుండి ఆగిపోయి, గుర్రం ప్రశాంతపడినట్టు నిలబడితే, మేత చూపించకుండా ముందు నాడి చూడండి. నాడి తగ్గి, చిగుళ్లు గులాబి రంగులో ఉంటే సంతోషించవచ్చు. నొప్పి పోయినా నాడి 80, 100 కొడుతూ, ఒంటి నిండా చల్లటి చెమట పట్టి, చిగుళ్లు నల్లబడుతుంటే లోపల ఏదో పగిలిందనే అనుకోవాలి.

జవాబు · ఆపరేషను చేయించిన వ్యక్తి

ప్రశ్న అడిగినవారి గుర్రం వయసు 16 అని చదివి ఇది రాస్తున్నాను. వయసు మీరిన గుర్రాలలో పేగును పట్టి ఉంచే పొర మీద కొవ్వుగడ్డలు పెరుగుతాయట. కొన్నింటికి సన్నటి కాడ ఉంటుంది; ఆ కాడ ఒకనాడు చిన్నపేగు చుట్టూ ఉచ్చులా బిగుసుకుంటుంది. మా గుర్రానికి జరిగింది అదే. అంతకు ముందు మేత మార్చలేదు, పని మార్చలేదు, నీళ్లకు కరవు లేదు. మేమేం చేసినా ఆపగలిగేది కాదని సర్జను గారు చెప్పినప్పుడు ఇంట్లో ఒకరినొకరు నిందించుకోవడం ఆగింది.

ఆసుపత్రిలో వారు కడుపు కింద సన్నటి సూది గుచ్చి లోపలి ద్రవం తీశారు. మామూలుగా అది ఎండుగడ్డి రంగులో తేటగా ఉండాలట. మా గుర్రానిది ఎర్రగా వచ్చింది. దానిలోని లాక్టేటు (రక్తం సరిగా అందని కణజాలంలో పెరిగే పదార్థం) రక్తంలోకన్నా ఎక్కువ ఉందని, అంటే పేగుకు రక్తం అందడం లేదని వివరించి, ఆపరేషనుకు ఒప్పుకుంటారా అని అడిగారు. జవాబు చెప్పడానికి ఉన్న సమయం నిమిషాలలో ఉంది. అందువల్ల మీరు చేయవలసిన పని ఒకటుంది, అది గుర్రం ఆరోగ్యంగా ఉన్న ఈ రోజునే చేయాలి. ఆపరేషనుకు సిద్ధమా, ఎంత ఖర్చు దాకా భరించగలరు, అది కుదరనప్పుడు బాధ లేకుండా నిద్రపుచ్చడానికి ఒప్పుకుంటారా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. మీరు ఊళ్లో లేనప్పుడు ఆ మాట ఎవరు చెప్పాలో కాగితం మీద రాసి లాయంలో పెట్టండి. వయసు ఎక్కువైందన్న ఒక్క కారణంతో ముందే వద్దనుకోనక్కరలేదని మాకు సర్జను గారు చెప్పారు. ఎంత త్వరగా చేరిందన్నదానికే వారు ఎక్కువ విలువ ఇచ్చారు.

ఆపరేషను తర్వాతి సంగతి కూడా తెలిసి ఒప్పుకోవాలి. పేగులు కొన్ని రోజులు కదలక మొండికేయవచ్చు, కుట్ల దగ్గర చీము పట్టవచ్చు, లోపల అతుకులు పడి మళ్లీ నొప్పి రావచ్చు. ఏదీ రాకపోయినా మొదట గదిలో విశ్రాంతి, తర్వాత పగ్గం పట్టి నడిపించడం, ఆ తర్వాత చిన్న దొడ్డి, ఇలా నెలలు గడిచాక గానీ జీను వేయనివ్వరు. మా గుర్రం కోలుకుంది. అదే వారం పక్క గదిలో ఉన్నది కోలుకోలేదు.

జవాబు · అశ్వవైద్యురాలు

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే ప్రశ్న అడిగినవారి గుర్రానికి వచ్చింది అది కాదు, పెద్దపేగులో మేత అడ్డుపడటం. దానికి చాలాసార్లు కారణం వెతికితే దొరుకుతుంది. ఆ సాయంత్రానికి ముందు రెండు వారాలలో ఏమి మారిందో చెప్పగలరా? కొత్త ఎండుగడ్డి, దాణా, పని, నీటి తొట్టి, వాతావరణం, ఏదైనా సరే.

రెండు గుర్రాల యజమాని రాశారు

మీరు అడిగాక ఆలోచిస్తే రెండు విషయాలు తోచాయి. ముందుకాలు కుంటుతుండటంతో, వాపు తగ్గేదాకా గదిలోనే కట్టేసి ఉంచి, పచ్చికకు వదలడం మానేశాము. అదే సమయంలో పాత ఎండుగడ్డి అయిపోయి కొత్త మోపులు మొదలుపెట్టాము. అవి కాస్త ముదురు కాడలతో ఉన్నాయి. ఇప్పుడు తిరిగి మేత ఎలా మొదలుపెట్టాలో కూడా చెప్పగలరా?

జవాబు · అశ్వవైద్యురాలు

రెండూ కలిసి పనిచేశాయి. తిరుగుతూ మేసే జంతువును ఒక్కసారిగా గదిలో కట్టేస్తే పేగుల కదలిక మందగిస్తుంది. పచ్చికతో పాటు లోపలికి వెళ్లే నీరు ఆగిపోతుంది, దానికి బదులు ఎండిన ముదురు కాడలు చేరతాయి. కాలి గాయంతో గదికి పరిమితమైన గుర్రాలలో ఈ రకం అడ్డు మాకు తరచుగా కనిపిస్తుంది. మళ్లీ ఎప్పుడైనా కట్టేయవలసి వస్తే ఆ రోజు నుంచే దాణా తగ్గించండి, ఎండుగడ్డిని నానబెట్టి ఇవ్వండి, డాక్టరు ఒప్పుకుంటే రోజుకు రెండు మూడుసార్లు పగ్గం పట్టి కొద్దిగా నడిపించండి.

ఇప్పుడు లద్ది మామూలుగా వేస్తోంది కాబట్టి మొదట కొన్ని గంటలకొకసారి కాస్త పచ్చిగడ్డి మేయనివ్వండి, లేదా నానబెట్టిన ఎండుగడ్డి రెండు మూడు గుప్పిళ్లు ఇవ్వండి. లద్ది ఆగకుండా పడుతూ ఉంటే రెండు మూడు రోజుల్లో మామూలు మోతాదు ఎండుగడ్డికి చేరవచ్చు. దాణా అన్నిటికన్నా చివర. ఏ మేత మార్పయినా పది రోజుల నుంచి రెండు వారాల పాటు పాతదానిలో కొత్తది కలుపుతూ చేయండి. పెద్దపేగులో మేతను పులియబెట్టే సూక్ష్మజీవులు అలవాటు పడటానికి ఆ మాత్రం సమయం కావాలి. రోజు మొత్తంలో గడ్డి, శరీర బరువులో 1.5 శాతానికి తగ్గకూడదు.

నీరు చూడండి. 450, 500 కిలోల గుర్రం రోజుకు 25 నుంచి 45 లీటర్లు తాగుతుంది, ఎండలోనూ పనిలోనూ ఇంకా ఎక్కువ. చలికాలంలో తొట్టిలో నీళ్లు బాగా చల్లబడితే తాగడం తగ్గిస్తుంది. గోరువెచ్చగా ఇస్తే తాగే గుర్రాలు చాలా ఉన్నాయి. తనంతట తాను నీరు పట్టుకునే యంత్రపు తొట్టి ఉంటే కొన్నాళ్లు దానికి బదులు బాల్చీ పెట్టండి, లేకపోతే అది ఎంత తాగిందో మీకు తెలియదు.

16 ఏళ్లు కాబట్టి పళ్లు తప్పక చూపించండి. వెనుక దవడ పళ్లు ఎగుడుదిగుడుగా అరిగితే కాడలు సరిగా నలగవు, పొడవు పోచలు అలాగే పేగులోకి వెళ్తాయి. లద్దిని వేళ్ల మధ్య విడదీసి చూస్తే పోచలు ఎంత పొడవున ఉన్నాయో మీకే తెలుస్తుంది. పురుగుల విషయంలో, లద్దిలో గుడ్లు లెక్కించే మామూలు పరీక్ష బద్దె పురుగులను చాలాసార్లు పట్టుకోలేదు. ఆ పురుగులకూ కొన్ని రకాల కడుపునొప్పికీ సంబంధం ఉంది కనుక ఆ మందు విడిగా ఎప్పుడిచ్చారో మీ డాక్టరుతో కలిసి చూసుకోండి. మీ దొడ్డి ఇసుక నేల అయితే గుప్పెడు లద్దిని తేట నీటిలో కలిపి కాసేపు ఉంచండి. అడుగున ఇసుక పేరుకుంటే నేల మీద మేత వేయడం మానాలి. పేరుకోకపోతే కడుపులో ఇసుక లేదని మాత్రం అనుకోకండి. కొన్ని గుర్రాలు దాన్ని లోపలే దాచుకుంటాయి, ఎక్స్‌రేలో గానీ బయటపడదు.

రాబోయే రెండు వారాలు రోజూ లద్ది ఎన్నిసార్లు వేస్తోందో గమనించండి. 6 నుంచి 10 సార్లు ఉంటే మామూలే. ఉదయం చూసేసరికి రాత్రంతా కలిపి ఒకటి రెండుసార్లే వేసి, ఉండలు చిన్నవై గట్టిగా ఉంటే, నొప్పి మొదలయ్యేదాకా ఆగకుండా ఆ పూటే ఫోను చేయండి. ఆ దశలో గొట్టం గుండా నీరు, లవణాలు పోస్తే చాలావరకు సరిపోతుంది.